గేజ్ పుల్ల కారులోనే ఉంది, తీసి చూసే అలవాటే పోయింది

డ్యాష్‌బోర్డులో ఎర్రగా వెలిగే ఆయిల్ డబ్బా బొమ్మ ఇంజిన్లో ఆయిల్ తగ్గితే వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. విజయవాడ రోడ్ల మీద తిరిగే మామూలు కార్లలో ఎక్కువ వాటికి ఆ దీపానికీ ఆయిల్ మట్టానికీ నేరుగా సంబంధం లేదు. పంపు నెట్టే ఆయిల్‌కు ఒత్తిడి ఉందా లేదా అన్నది ఒక్కటే దానికి తెలుసు. ఇంజిన్ లోపలి ఆయిల్ దారిలో చిన్న స్విచ్ ఉంటుంది. ఒత్తిడి ఉన్నంతసేపూ అది విడిపోయి ఉంటుంది, దీపం ఆరి ఉంటుంది. ఒత్తిడి దాదాపు 0.3 నుంచి 0.5 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) కిందికి పడితే స్విచ్ కలుసుకుని దీపం వెలుగుతుంది. తాళం తిప్పగానే ఆ బొమ్మ వెలగడం, ఇంజిన్ స్టార్టయిన రెండు క్షణాలకు ఆరిపోవడం ఇందువల్లే.

ఒత్తిడి ఎప్పుడు పడుతుంది? ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఛాంబర్‌లో ఆయిల్ బాగా అడుగంటి, పంపు ఆయిల్‌తో పాటు గాలి పీల్చడం మొదలుపెట్టినప్పుడు. చిన్న పెట్రోలు కారు ఇంజిన్లో మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ పడుతుంది. ఆయిల్ ఎంత ఉందో ముంచి చూసే గేజ్ పుల్ల (డిప్‌స్టిక్) మీది పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా చాలా కార్లలో లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. మట్టం కింది గీతకు చేరినా ఎర్ర దీపం వెలగదు. గీత దాటి కిందికి జారినా వెంటనే వెలగదు. మలుపు తిప్పినప్పుడో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, ఒకసారి మిణుక్కుమని ఆరిపోతుంది. అదే మొదటి హెచ్చరిక అనుకుంటారు గానీ, ఆ పాటికే బేరింగులకు అందాల్సిన ఆయిల్ అందడం లేదు. అప్పుడు కూడా ‘గుంటూరు దాకా పోయి చూపిద్దాంలే’ అనుకుంటే ఇంజిన్ దించే పని పడుతుంది.

ఆయిల్ మట్టాన్ని కొలిచే సెన్సర్ వేరే ఉంది. అది ఖరీదైన కార్లలో ఉంటుంది, వాటిలో చాలావాటికి గేజ్ పుల్లను ఏకంగా తీసేశారు. దీని మీద మెకానిక్కుల విసుగూ, కార్లంటే ఇష్టమున్నవాళ్ల వాదనలూ చాలానే వినిపిస్తాయి. అయితే బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు ఆగే బండ్లలో బెంజ్‌లు ఎన్నో లెక్కపెట్టడానికి వేళ్లు చాలు. మిగిలినవి మారుతీలు, హ్యుందాయ్‌లు, టాటాలు. వాటిలో దాదాపు అన్నిటికీ బానెట్ కింద గేజ్ పుల్ల ఇప్పటికీ ఉంది. పెద్ద స్క్రీను, టైరు గాలి చూపే మీటరు, ఫోన్లో యాప్ వచ్చాక కారు తన సంగతి తానే చూసుకుంటుందన్న నమ్మకం కుదిరింది, పుల్ల తీసే అలవాటు పోయింది. పుల్ల లేని కారుకు కనీసం మట్టం చూసే సెన్సర్ ఉంది. పుల్ల ఉన్న కారులో ఆ సెన్సరూ లేదు, చూసే మనిషీ లేడు. ముప్పు ఎక్కువగా ఉన్నది ఈ రెండో రకానికే.

పుల్ల చెప్పేది ఎంత

చదునైన చోట బండి నిలిపి, ఇంజిన్ ఆపి, పైకి చిమ్మిన ఆయిల్ కిందికి దిగేదాకా ఐదారు నిమిషాలు ఆగి, పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ చివరిదాకా దించి తీసి చూడాలి. మొదటిసారి తీసినప్పుడు కనిపించే తడిని నమ్మకూడదు, ఎందుకంటే గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పుల్లంతా పూసుకుని ఉంటుంది. అంబాసిడర్లు, పద్మినిలు తిరిగిన రోజుల్లో ఇంజిన్ కొంచెం కొంచెంగా ఆయిల్ తాగడం మామూలు. తిరుపతి ప్రయాణానికి ముందు రేడియేటర్ నీళ్లు, ఆయిలు చూడకుండా బయల్దేరే డ్రైవర్‌ను డ్రైవర్‌గా లెక్కేసేవాళ్లు కాదు. ఇప్పటి ఇంజిన్లు ఒక సర్వీసింగ్ నుంచి ఇంకో సర్వీసింగ్ దాకా పెద్దగా ఆయిల్ తాగవు. అలవాటు పోవడానికి అసలు కారణం సెన్సర్ల కన్నా ఇదే కావచ్చు.

పుల్లకు ఉన్న విలువ మట్టంతో అయిపోదు. దాని చివర వేలాడే చుక్కలో ఇంకా కొన్ని సంగతులు ఉంటాయి. ఇంజిన్ పైభాగమైన హెడ్‌కు కింద ఉండే గ్యాస్కెట్ పోయి, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కూలెంట్ ఆయిల్లో కలిస్తే అది పాలు కలిపిన కాఫీలా మారుతుంది. ఇంజెక్టర్ కారుతుంటే పెట్రోలు వాసన కొడుతుంది. లోపల ఏదో అరుగుతుంటే ఎండలో పట్టి చూసినప్పుడు సన్నటి లోహపు మెరుపు కనిపిస్తుంది. ఎంత ఉందని కొలవడమే పనిగా చేసిన సెన్సర్‌కు వీటిలో ఏదీ పట్టదు. ఆయిల్లో కూలెంట్ కలిసి మట్టం పెరిగితే ‘ఆయిల్ నిండుగా ఉంది’ అనే అది చెబుతుంది.

అలాగని చేతి పరీక్షను దేవుడి మాటగా తీసుకోవడమూ సరికాదు. రెండు వేళ్ల మధ్య ఆయిల్ రుద్ది ‘పల్చబడింది, మార్చాలి’ అని తేల్చే మెకానిక్కులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వేడి ఇంజిన్లోంచి తీసిన ఆయిల్ కొత్తదైనా పల్చగానే ఉంటుంది. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, మసిని తనలో కలుపుకుని పెట్టుకోవడం దాని పనే కాబట్టి. నలుపు చూసి ఆయిల్ మార్పించుకున్నవాళ్లు ఖర్చు పెట్టింది చాలాసార్లు ఊరికే. ‘ఒక అర లీటరు ఎక్కువే ఉండనీ’ అని పై గీత దాటించి పోయడం ఇంకో తప్పు. ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ తెస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలికి ఒత్తిడి నిలవదు. ఇక వాలుగా ఉన్న చోట, ఇంజిన్ ఆపిన మరుక్షణం చూసేవాళ్ల సంగతి సరే సరి. మనుషులు చేసే ఈ పొరపాట్లు కార్ల కంపెనీలకు బాగా తెలుసు. పుల్లను తీసేయడానికి అవి చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి.

చప్పుడుతో కొలత

ఇప్పుడు ఎక్కువగా వాడే మట్టం సెన్సర్ ఛాంబర్ అడుగున కూర్చుంటుంది. మనిషి చెవికి వినపడని అల్ట్రాసోనిక్ శబ్దాన్ని అది పైకి పంపుతుంది. ఆ శబ్దం ఆయిల్ పైభాగాన్ని తాకి తిరిగి వస్తుంది. ఆయిల్లో శబ్దం సెకనుకు దాదాపు 1,400 మీటర్ల వేగంతో పోతుంది. ఐదు సెంటీమీటర్ల మందాన ఆయిల్ ఉంటే వెళ్లి రావడానికి సెకనులో పదివేలో వంతు కూడా పట్టదు. అంత చిన్న సమయాన్ని కొలిచి ఎత్తు తేల్చాలి. ఆయిల్ వేడెక్కేకొద్దీ శబ్దం వేగం మారుతుంది కాబట్టి, పక్కనే ఉష్ణోగ్రత చూసే సెన్సర్ కూడా పెట్టి లెక్క సరిదిద్దుతారు.

అంతకుముందు తరం సెన్సర్ ఇంకో దారిలో పనిచేసేది. ఒక చిన్న తీగను కాసేపు వేడి చేసి, అది చల్లారడానికి పట్టే సమయం చూస్తారు. తీగ ఆయిల్లో ఎంత మునిగి ఉంటే అంత త్వరగా చల్లారుతుంది. కొన్ని రకాలు ఆయిల్ విద్యుత్ గుణాన్ని కూడా చూసి, పాతబడిందా, నీరు చేరిందా అని అంచనా వేస్తాయి. అయితే అవి అన్ని కార్లలో ఉండవు.

2000ల మధ్యలో బీఎండబ్ల్యూ తన ఆరు సిలిండర్ల ఎన్52 ఇంజిన్‌ను గేజ్ పుల్ల లేకుండా తెచ్చింది. తర్వాత ఆడి, పోర్షే కూడా చాలా మోడళ్లలో అదే పని చేశాయి. పుల్లా, దాని గొట్టం పోతే ఇరుకు ఇంజిన్ గదిలో చోటు మిగులుతుంది, ఆయిల్ ఆవిరి బయటికి వచ్చే ఒక కంత తగ్గుతుంది. సర్వీసింగ్ గడువులు సాగదీయడానికి ధైర్యం వస్తుంది. ఒక మేలు కారు యజమానిది కూడా: పుల్ల బండి ఆగినప్పుడే చెబుతుంది, సెన్సర్ నడుస్తుండగా చెబుతుంది. హైదరాబాదు హైవే మీద నందిగామ దాటాక ఛాంబర్‌కు రాయి తగిలి ఆయిల్ కారుతుంటే, ఉదయం చూసిన పుల్ల ఆ క్షణంలో ఎందుకూ పనికిరాదు. మట్టం సెన్సర్ ఉన్న కారు పసుపు దీపంతో ముందుగా చెప్పేస్తుంది, ఎర్ర దీపం దాకా రానివ్వదు. ఈ ఒక్క కారణానికే మట్టం సెన్సర్‌ను చవక కార్లలోనూ పెట్టాలి. పుల్లను మాత్రం ఉండనివ్వాలి.

ఎందుకంటే సెన్సర్‌కూ షరతులు ఉన్నాయి. చాలా కార్లలో సరైన కొలత చూపాలంటే ఇంజిన్ పని వేడికి రావాలి, బండి చదునుగా ఉండాలి, కాసేపు నడిచి ఉండాలి. ఆయిల్ మార్చిన వెంటనే ఎంత పోశామో స్క్రీన్ మీద చూడాలంటే కాసేపు ఎదురుచూడక తప్పదు. సెన్సరే చెడిపోతే స్క్రీన్ మీద ఒక మెసేజ్ తప్ప ఏమీ మిగలదు. ఇంజిన్లో ఎంత ఆయిల్ ఉందో తెలుసుకోవాలంటే ఉన్నదంతా వంపేసి, కొలిచి, మళ్లీ పోయడమే దారి. పుల్ల చెడిపోవడం అంటూ ఉండదు, మహా అయితే పిడి విరుగుతుంది.

కొలిచింది ఎంత, లెక్కకట్టింది ఎంత

‘ఆయిల్ లైఫ్ 40 శాతం’ అని కారు చూపిస్తే, లోపల ఏదో యంత్రం ఆయిల్‌ను పరీక్షించి చెబుతోందని అనిపిస్తుంది. ఎక్కువ కార్లలో జరిగేది లెక్క మాత్రమే. 1980ల చివర్లో జనరల్ మోటార్స్ తెచ్చిన పద్ధతి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఏ ఉష్ణోగ్రతలో తిరిగింది అని చూసి, ఆయిల్‌కు ఇంకా ఎంత ఆయుష్షు ఉందో అంచనా కట్టేది. ఆ లెక్క మంచిదే. అయితే లోపల ఉన్నది ఏ గ్రేడు ఆయిల్ అన్నది దానికి తెలియదు. సగం పాత ఆయిల్ ఉండగానే ఎవరో రీసెట్ బటన్ నొక్కితే నూరు శాతం చూపిస్తుంది.

మన దగ్గరి చాలా చవక కార్లలో ఆ లెక్క కూడా లేదు. సర్వీసింగ్ గుర్తుచేసే స్పానర్ బొమ్మ కిలోమీటర్లు, నెలలు తప్ప ఇంకేమీ చూడదు. విజయవాడ లాంటి ఊళ్లో ఇక్కడే తేడా వస్తుంది. పదివేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలని ఉందనుకుందాం. హైవే మీద సగటున గంటకు 60 కిలోమీటర్లు తిరిగే కారు ఇంజిన్ ఆ దూరానికి దాదాపు 167 గంటలు పనిచేస్తుంది. వన్‌టౌన్, బీసెంట్ రోడ్డు, రామవరప్పాడు రింగు మధ్య సగటున 20 కిలోమీటర్ల వేగంతో ఈదే కారు ఇంజిన్ అదే దూరానికి 500 గంటలు పనిచేస్తుంది. అందులో చాలా భాగం ఏసీ వేసుకుని, బండి కదలకుండా ఉన్న సమయం. మీటరులో రెండిటికీ పదివేలే. మాన్యువల్‌లో ‘కఠిన పరిస్థితులు’ అనే పేజీ ఒకటి ఉంటుంది. ట్రాఫిక్, దుమ్ము, విపరీతమైన ఎండ, చిన్న చిన్న దూరాలు అన్నీ ఆ పేజీలోకే వస్తాయి, అక్కడ గడువులు తక్కువగా రాసి ఉంటాయి. ఊళ్లో తిరిగే కారుకు వర్తించేది ఆ పేజీయే అయినా, స్పానర్ బొమ్మ దాన్ని పట్టించుకోదు.

ఎండాకాలం, కూలెంటు

మే నెలలో విజయవాడలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రోడ్డు మీద వేడి ఇంకా ఎక్కువ. ఇంజిన్ వేడి చూపే ముల్లు చాలా కొత్త కార్లలో లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరితే ఎర్ర దీపం, మధ్యలో ఏదీ ఉండదు. ముల్లు ఉన్న రోజుల్లో అది మామూలు చోటు నుంచి కొంచెం పైకి జరగ్గానే డ్రైవర్‌కు టెన్షన్ పట్టుకునేది, బండి పక్కకు ఆపేవాడు. ఎర్ర దీపం దాకా ఆగితే హెడ్ వంగడానికి ఎక్కువ సమయం ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. కూలెంట్ ఉష్ణోగ్రత చూసే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా కొలుస్తుంది. గొట్టం పగిలి కూలెంట్ అంతా పోతే సెన్సర్ చుట్టూ మిగిలేది ఆవిరి, గాలి. అప్పుడది అసలు వేడి కన్నా తక్కువ చూపవచ్చు. ఇంజిన్ కాలిపోతున్నా దీపం ఆలస్యంగా వెలుగుతుంది. అందుకే కొన్ని కార్లలో డబ్బాలో కూలెంట్ మట్టం చూసే సెన్సర్ వేరుగా పెడతారు. తేలే బెండు ఒక రకం, రెండు లోహపు పిన్నుల మధ్య ద్రవంలోంచి కరెంటు పోతుందా అని చూసేది ఇంకో రకం. చవక కార్లలో ఈ రెండూ సాధారణంగా ఉండవు. కానీ ఆ కార్లన్నిటిలో కూలెంట్ డబ్బా తెల్లటి పారదర్శక ప్లాస్టిక్‌తో చేసి ఉంటుంది, దాని మీద రెండు గీతలు ఉంటాయి. బానెట్ ఎత్తితే చాలు, చేతులు కూడా మురికి కావు. ఇంత సులువైన పరీక్షను కూడా జనం వదిలేయడం ఆశ్చర్యమే.

మట్టం తగ్గిందని బోరు నీళ్లు పోసేవాళ్లకు పిన్నుల సెన్సర్ ఏమీ చెప్పదు. నీళ్లలోంచి కూడా కరెంటు పోతుంది కాబట్టి దాని లెక్కలో అంతా బాగానే ఉన్నట్టు. ఉప్పులున్న బోరు నీళ్లు రేడియేటర్ సన్న గొట్టాల్లో పొలుసు కట్టిస్తాయి, కూలెంట్‌లోని తుప్పు పట్టనివ్వని మందును పల్చన చేస్తాయి. ఆ నష్టం బయటపడేది రెండు ఎండాకాలాల తర్వాత. వేడి మీద మూత తిప్పకూడదన్నది అందరికీ తెలిసిందే: మూత కింద ఒత్తిడి ఉన్నంతసేపూ కూలెంట్ 120 డిగ్రీల దగ్గర కూడా మరగదు, మూత తీయగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

బ్రేక్ ఆయిల్ దీపం

బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఉండేది పాత రకం సెన్సర్, దాదాపు ప్రతి కారులోనూ ఉంటుంది. చిన్న బెండు, మట్టం తగ్గి బెండు దిగగానే దీపం. బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్లి డబ్బాలో మట్టం తగ్గుతుంది. కాబట్టి దీపం వెలిగితే లీకేజీ అయినా ఉండాలి, ప్యాడ్లయినా అరిగి ఉండాలి. రోడ్డు పక్క మెకానిక్ దగ్గర కొంచెం ఆయిల్ పోయించి దీపం ఆర్పించుకుంటే ఆ కబురు అందకుండా పోతుంది. తర్వాత కొత్త ప్యాడ్లు వేయగానే ఎక్కువైన ఆయిల్ డబ్బా నుంచి పొంగి పెయింటును తింటుంది.

బెండుకు అసలే తెలియనిది తేమ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం. బ్రేక్ ఆయిల్ రకాల్లో ఒకటైన డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. కృష్ణా తీరపు ఉక్కపోతలో ఈ మార్పు మెల్లగా జరుగుతూనే ఉంటుంది, డబ్బాలో మట్టం మాత్రం గీత దగ్గరే ఉంటుంది. ఊళ్లో తిరిగినంతకాలం తేడా తెలియదు. తిరుమల నుంచి కిందికి దిగే ఘాట్‌లో మాటిమాటికీ బ్రేకు తొక్కితే వేడికి ఆ నీరు ఆవిరి బుడగలై, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. దాన్ని ముందే పట్టుకునే సెన్సర్ సాధారణంగా కార్లలో లేదు. వర్క్‌షాపులో పెన్ను లాంటి టెస్టర్ ఉంటుంది, అడిగితే చూస్తారు. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమనేది ఈ తేమ వల్లే.

పవర్ స్టీరింగ్ ఆయిల్ గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. స్టీరింగ్‌కు కరెంటు మోటారు వచ్చాక ఆ డబ్బాయే మాయమైంది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసే పని కూడా దాదాపు అంతే.

బుడమేరు వరద నేర్పిన తేడా

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు తీశాక అందరి ముందూ ఉన్న ప్రశ్న ఒకటే: ఇంజిన్లోకి నీళ్లు వెళ్లాయా? స్టార్ట్ చేసి చూద్దామనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. సిలిండర్లో నీళ్లు ఉంటే అవి గాలిలా నొక్కుకుపోవు, పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాన్ని కదిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్టార్ట్ చేసినందువల్ల జరిగిన నష్టాన్ని మామూలు బీమా పాలసీ సాధారణంగా ఇవ్వదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉండాలి.

గేజ్ పుల్ల ఉన్న కారుకు పరీక్ష తేలిక. బ్యాటరీ తీగ విప్పేసి, పుల్ల తీసి చూడాలి. నీరు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరి ఆయిల్‌ను పైకి నెడుతుంది. ఇంజిన్ తిరగలేదు కాబట్టి రెండూ కలిసిపోయి ఉండవు, పుల్ల చివర ఆయిల్ శుభ్రంగానే కనిపించవచ్చు. మట్టం పై గీత దాటి పైన ఉందా అన్నదే ఇక్కడ చూడాల్సింది. ఉంటే కింది నట్టు విప్పినప్పుడు ముందు వచ్చేది నీళ్లే.

పుల్ల లేని కారులో ఇదే సంగతి తెలుసుకోవాలంటే ఇగ్నిషన్ ఆన్ చేయాలి. తడిసిన కనెక్టర్లలోకి, బురద పట్టిన కంట్రోల్ యూనిట్లలోకి కరెంటు పంపడం అంటే ఇంజిన్ సంగతి తేలేలోపు వైరింగ్‌ను బలిపెట్టడం. వరద కారు యజమాని చేయకూడని పనుల్లో అది ముందు వరసలో ఉంటుంది. ఇక మిగిలింది బండిని లాగించుకుపోయి, లిఫ్టు ఎక్కించి, కింది నుంచి ఆయిల్ వంపించడం. వీధి వీధంతా మునిగిన రోజుల్లో రికవరీ వ్యాను దొరకడం ఎంత కష్టమో ఆ ప్రాంతాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. సౌకర్యం పేరుతో తీసేసిన ఒక ఇనప పుల్ల విలువ ఇలాంటి వారంలో బాగా తెలుస్తుంది.

చేతికి అందని పనులు

సెన్సర్లు లేకపోతే అసలు కుదరని చోట్లు కూడా ఉన్నాయి. 2020 ఏప్రిల్ నుంచి వాహనాల పొగపై బీఎస్6 నిబంధనలు వచ్చాక లారీల్లో యూరియా ట్యాంకు మామూలైంది, డీజిల్ కార్లలోనూ కొన్నిటికి ఉంది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఆ ద్రవంలో యూరియా 32.5 శాతం ఉండాలి, మిగిలింది శుద్ధమైన నీరు. ట్యాంకులో ఎంత ఉందో, గాఢత సరిగ్గా ఉందో సెన్సరే చూస్తుంది. నీళ్లు కలిపితే పట్టేస్తుంది. ముందు హెచ్చరిస్తుంది, తర్వాత ఇంజిన్ బలం తగ్గిస్తుంది. కంటితో చూస్తే అది నీళ్లలాగే ఉంటుంది, వాసన చూసి గాఢత చెప్పగల మనిషి లేడు. అయినా దీన్నీ మోసం చేయాలనుకునేవాళ్లు ఉన్నారు. పొలాలకు వేసే వేపపూత యూరియాను కలిపి గాఢత సరిపెడితే సెన్సర్ ఒప్పుకోవచ్చు. దానిలోని నూనె, మలినాలు పొగను శుద్ధి చేసే లోపలి క్యాటలిస్టును పాడుచేస్తాయి, ఆ బిల్లు మిగిల్చుకున్న డబ్బుకు చాలా రెట్లు ఉంటుంది.

బీఎస్6 డీజిల్ కార్లలోనే పుల్ల మళ్లీ అవసరమయ్యే ఇంకో విషయం ఉంది. పొగ గొట్టంలోని ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి ఇంజిన్ అప్పుడప్పుడు ఎక్కువ డీజిల్ చిమ్ముతుంది. పటమట నుంచి గవర్నర్‌పేట దాకా వెళ్లి ఆపేసే కారులో ఆ కాల్చుడు సగంలో ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి జారుతుంది. ఆయిల్ తగ్గడానికి బదులు పెరుగుతుంది. పాత డ్రైవర్లకు ఇది నమ్మశక్యం కాని విషయం. పుల్ల మీద మట్టం నెలనెలా పైకి పోతుంటే, డీజిల్ వాసన వేస్తుంటే ఆయిల్ మార్చాల్సిందే, కిలోమీటర్లు ఎన్ని అయినా సరే. మట్టం సెన్సర్ లేని కారులో ఎర్ర దీపానికి దీని ఊసే తెలియదు.

ఆటోనగర్‌లో మారిన పని

1960ల్లో మొదలై, లారీ బాడీల నుంచి చిన్న బేరింగు దాకా అన్నీ దొరికే చోటుగా పేరుపడ్డ విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ పనిముట్లలోకి స్కానర్ వచ్చి చాలాకాలమైంది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు దాన్ని తగిలిస్తే కారు తనకు తెలిసిన తప్పులను కోడ్‌ల రూపంలో చెబుతుంది. చిక్కు ఏమిటంటే, అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉన్న కోడ్‌లు ముఖ్యంగా పొగకు సంబంధించినవి. ఆయిల్ మట్టం, గేర్‌బాక్సు ఆయిల్ వేడి, సర్వీసు రీసెట్ లాంటివి చాలావరకు కంపెనీ సొంత భాషలో ఉంటాయి. మంచి స్కానర్ కొనాలి, దాని సాఫ్ట్‌వేర్‌కు తరచూ డబ్బు కట్టాలి. చిన్న షెడ్డు పెట్టుకున్న మేస్త్రీకి అది భారమే. గుడ్డా, పుల్లా ఉంటే చాలిన పరీక్ష ఇప్పుడు కొంతవరకు కంపెనీ సర్వీస్ సెంటర్ చేతిలోకి వెళ్లింది. కంపెనీలు దీన్ని భద్రత కోసమని చెబుతాయి. వ్యాపారం కూడా అందులో ఉందని అనుకోవడంలో తప్పు లేదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఈ మార్పు బాగా కనిపిస్తుంది. మెర్సిడెస్ 1990ల్లో తెచ్చిన 722.6 గేర్‌బాక్సుకు ఆయిల్ గొట్టం ఉండేది గానీ అందులో పుల్ల ఉండేది కాదు, పుల్ల వర్క్‌షాపు దగ్గర ఉండేది. ఇప్పుడు చాలా కార్లలో ఆ గొట్టం కూడా లేదు. బండిని చదునుగా పైకెత్తి, స్కానర్‌లో గేర్‌బాక్సు ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ, కంపెనీ చెప్పిన డిగ్రీల మధ్యకు రాగానే పక్క నట్టు విప్పి, సన్నగా కారేంత ఉందా అని చూడాలి. మే నెల మధ్యాహ్నం షెడ్డులో ఆయిల్ ముందే వేడెక్కి ఉంటే ఆ హద్దు దాటిపోయి, చల్లారేదాకా ఆగాల్సి వస్తుంది. ‘జీవితాంతం మార్చక్కర్లేదు’ అని రాసిన గేర్‌బాక్సు ఆయిల్‌ను చాలామంది అసలు చూపించనే చూపించరు. ఆ జీవితం కారుదా, వారంటీదా అన్నది బ్రోచర్‌లో ఎక్కడా ఉండదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు స్కానర్ రిపోర్టులో తప్పులేమీ లేవని చూసి సంతోషిస్తారు గానీ, కోడ్‌లు ముందురోజే చెరిపేసి ఉండవచ్చు. ఆయిల్లో నీరు చేరిందేమోనని అనుమానింపజేసే తెల్లటి జిగురు ఆయిల్ మూత కింద ఉందా అన్నది మాత్రం స్కానర్ చెప్పదు.

కరెంటు కార్లలో ఇంజిన్ ఆయిల్ లేదు కాబట్టి ఈ గొడవ సగం తీరిపోతుంది. మిగిలేవి బ్యాటరీని చల్లబరిచే కూలెంట్, గేరు ఆయిల్, బ్రేక్ ఆయిల్. వీటిలో బ్రేక్ ఆయిల్ సంగతి కొంచెం విచిత్రంగా ఉంటుంది. కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయగానే మోటారే బండిని నెమ్మదింపజేసి బ్యాటరీకి కరెంటు పంపుతుంది, బ్రేకు ప్యాడ్ల మీద భారం తగ్గుతుంది. ప్యాడ్లు అరగకపోతే డబ్బాలో మట్టం తగ్గదు, బెండు దిగదు, దీపం ఏళ్ల తరబడి వెలగదు. తేమ మాత్రం పెట్రోలు కారులో చేరినట్టే చేరుతూ ఉంటుంది. కాబట్టి ఈవీ కొన్నవాళ్లు డ్యాష్‌బోర్డులో దీపం కోసం చూడకుండా, బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీని సర్వీస్ బుక్కులో రాయించుకోవాలి.